వాయులీనములు పుట్టిన ఊరు: మిట్టెన్‌వాల్డ్

మన సంగీతసభలలో వాయులీనము లేని గాత్రకచేరి అరుదు. గాయకుడు రాగమును ఎత్తుకొనగానే ప్రక్కనున్న వాయులీనము దానిని అందుకొని నీడవలె వెన్నంటి నడచును. రేడియోలో ఉదయపు సంగీతమును వినువారికి ఆ నాదము ఇంటిలోని మనిషి గొంతువలె పరిచితము. పాడినవారి పేరు, వాయులీనము వాయించినవారి పేరు, మృదంగము వాయించినవారి పేరు కార్యక్రమము చివర చెప్పుదురు. ఆ వాయులీనమును చేసినవాని పేరు మాత్రము ఎవరును చెప్పరు, ఎవరును అడుగరు. కొయ్యను చెక్కి నాదమునకు ఇల్లు కట్టిన ఆ చేతులు ఎవరివి? అవి ఏ ఊరివి?

ఈ ప్రశ్నకు తమవని బదులు చెప్పగల ఊళ్ళు లోకమున కొన్ని కలవు. ఇటలీలో క్రెమోనా, ఫ్రాన్సులో మీర్‌కూర్, జర్మనీలో మార్క్‌నోయికిర్షెన్, మిట్టెన్‌వాల్డ్ అట్టివి. వీనిలో మిట్టెన్‌వాల్డ్ చాల చిన్నది. అచటి జనసంఖ్య సుమారు 7 వేలు మాత్రమే. అయినను ఒక శిల్పము ఒక ఊరిలో ఎట్లు నాటుకొనునో, ఎట్లు పెరుగునో, దేనివలన చెడునో, చెడిన పిదప ఎట్లు తిరిగి బాగుపడునో, ఈ నాలుగు దశలును ఈ చిన్న ఊరి చరిత్రలో స్పష్టముగా కనబడును.

జర్మనీ దేశపు దక్షిణభాగమున బవేరియా రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రపు రాజధాని మ్యూనిక్ నగరమునుండి దక్షిణముగా సుమారు 100 కిలోమీటర్లు పోయినచో ఆల్ప్స్ పర్వతములు దారికి అడ్డముగా నిలుచును. ఆ పర్వతముల ఒడిలో, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున, ఈజార్ నది ఒడ్డున మిట్టెన్‌వాల్డ్ ఉన్నది. ఊరి తూర్పున కార్వెండెల్ పర్వతశ్రేణి గోడవలె లేచి నిలిచియుండును. అందు ఊరికి ఎదురుగా కనబడు ఒక శిఖరపు ఎత్తు 2,385 మీటర్లు. కొండ దాటినచో ఆస్ట్రియా దేశము. మిట్టెన్‌వాల్డ్ అను పేరునకు అడవినడుమ అని అర్థము. ఊరికి ఆ అడవియే అన్నము పెట్టినదని మున్ముందు తెలియగలదు.

నేడు రైలు దిగి ఊరిలోనికి నడచు యాత్రికునికి మొదట ఇండ్ల గోడలు కనులపండువు చేయును. కిటికీలచుట్టు లేని స్తంభములు ఉన్నట్లు, లేని తోరణములు చెక్కినట్లు చిత్రించిన గోడలవి. వానినడుమ మేరీమాతయు, పునీతులును, పురాతనకథలలోని పాత్రలును కనబడుదురు. తడిసున్నము ఆరకముందే రంగులు వేయు పద్ధతిలో 18వ శతాబ్దమున ఈ చిత్రణకళ ఆ ప్రాంతమునందంతట వ్యాపించెను. ఊరినడుమ పీటరు, పాలు అను పునీతుల పేర నిలిచిన దేవాలయము కలదు. దాని గోపురముసైతము పైనుండి క్రిందివరకు చిత్రములతో నిండియున్నది.

ఆ దేవాలయము ముందర ఒక కంచువిగ్రహము కలదు. పాశ్చాత్యదేశములలో ఇట్టి చోట సాధారణముగా రాజో, సేనానియో, మతగురువో నిలిచియుండును. ఇచట ఉన్నవాడు పనివాడు. చేతిలో వాయులీనముతో పనిలో లీనమైయున్న ఆ శిల్పి పేరు మథియాస్ క్లోట్స్. ఈ విగ్రహమును 1890లో ప్రతిష్ఠించిరి. ఊరంతయు తన అన్నదాతగా ఒక కొయ్యపనివానిని ఎంచి, అతని ప్రతిమను గుడిముందు నిలుపుకొనుట గమనింపదగిన విషయము. ఇతని కథ తెలిసికొనుటకు మరి కొంత వెనుకకు పోవలెను.

మిట్టెన్‌వాల్డ్ మొదట శిల్పుల ఊరు కాదు, బండ్లవారి ఊరు. ఇటలీ దేశమునుండి ఆల్ప్స్ పర్వతములను దాటి జర్మనీకి వచ్చు మార్గములలో బ్రెన్నెర్ కనుమ ముఖ్యమైనది. రోమనుల కాలమునుండియు ఆ కనుమ దాటిన రాజమార్గము ఈ ఊరిమీదుగా ఔగ్స్‌బుర్గ్ నగరమునకు పోవుచుండెను. వెనిస్ నగరపు వర్తకులు తూర్పుదేశముల సుగంధద్రవ్యములను, పట్టును, ప్రత్తిని, ద్రాక్షసారాయమును ఈ దారిని ఉత్తరమునకు పంపుచుండిరి. ఒక ఊరివారు సరకును తమ బండ్లపై పొరుగుమజిలీవరకు చేర్చవలెను; అచటివారు దానిని ఆపై మజిలీకి చేర్చవలెను. ఈ హక్కు ఊరి గృహస్థులకు వంతులవారీగా ఉండెడిది. ఈజార్ నదిపై దుంగలతో కట్టిన తెప్పలు సరకును మ్యూనిక్‌వరకును, అచటినుండి డాన్యూబు నదిలో వియన్నావరకును మోయుచుండెను.

1487లో ఈ ఊరికి అనుకొనని అదృష్టము పట్టెను. కొండ కావల టిరోల్ సీమలో బోట్సెన్ అను పట్టణమున పెద్ద సంతలు జరుగుచుండెడివి. ఆ సంవత్సరమున టిరోల్ ప్రభువైన సిగిస్ముండునకును వెనిస్ ప్రభుత్వమునకును కలహము పుట్టెను. సంతకు వచ్చిన వెనిస్ వర్తకులను ఆ ప్రభువు చెఱబట్టించెను. ఇక ఆ పట్టణమున అడుగుపెట్టమని వర్తకులు తమ సంతను మిట్టెన్‌వాల్డునకు మార్చుకొనిరి. కొండనడుమ ఉన్న చిన్న ఊరు సుమారు రెండువందల సంవత్సరములు అంతర్దేశీయ వాణిజ్యస్థానమయ్యెను. సరకుల మూటలు దింపి నిలువచేయుటకు పెద్ద గిడ్డంగులు వెలసెను. నేటికిని ఊరిలో ఒక వీధి పేరు బాలెన్‌హౌస్‌గాస్సె. అనగా మూటల ఇంటి వీధి. మూటలు పోయినవి, పేరు మిగిలినది.

అదృష్టము వచ్చినట్లే పోయెను. 1618 మొదలు 1648 వరకు సాగిన ముప్పది సంవత్సరముల యుద్ధము జర్మనీని పాడుచేసెను. సముద్రమార్గములు తెరచుకొనుటచే వెనిస్ నగరపు వైభవమే తగ్గుచుండెను. 1679లో సంత తిరిగి బోట్సెన్ పట్టణమునకు పోయెను. బండ్లు తగ్గెను, సత్రములు బోసిపోయెను. పొలము చూడబోయిన రాతినేల, చలికాలము దీర్ఘము. పశువుల మేతయు, అడవికొయ్యయు తప్ప వేరు ఆధారము లేదు. ఇట్టి సమయమున, 1680 తరువాతి కొద్ది సంవత్సరములలో, పరదేశమున పని నేర్చుకొని ఒక యువకుడు ఊరికి తిరిగివచ్చెను. అతడే మథియాస్ క్లోట్స్.

క్లోట్స్ 1653లో ఈ ఊరిలోనే పుట్టెను. అతడు పని ఎచట నేర్చెనో అను విషయమున ఊరివారు కమ్మని కథలు అల్లుకొనిరి. చిన్ననాడే క్రెమోనాకు పోయి అమాతీయను మహాశిల్పి శిష్యుడయ్యెనని ఒక కథ. కొండ కావల అబ్సామ్ గ్రామమున నివసించిన యాకోబ్ స్టైనర్ వద్ద రహస్యము గ్రహించెనని మరియొక కథ. మహనీయుడైన గురువు లేనిదే మంచి శిష్యుడు ఉండడని నమ్ముట లోకస్వభావము. కాని చరిత్రకు దొరకిన కాగితము వేరుమాట చెప్పుచున్నది. 1672 మొదలు 1678 వరకు క్లోట్స్ ఇటలీలోని పాదువా నగరమున పియెత్రో రైలిష్ అను వీణెలవాని కర్మశాలలో పనివాడుగా ఉండెనని ఆ యజమాని ఇచ్చిన ధ్రువపత్రము తెలుపుచున్నది.

ఇచట వీణె యన్నది మన వీణ కాదు. ల్యూట్ అను పాశ్చాత్యపు తంత్రీవాద్యము. సగము కోసిన పండువంటి బొజ్జ, పొట్టిమెడ కల ఆ వాద్యమును వేళ్ళతో మీటుదురు. దానిని చేయుటలో బవేరియా ప్రాంతపు ఫ్యూసెన్ పట్టణపువారు ప్రసిద్ధులు. వారికి 1562లోనే వృత్తిసంఘము ఏర్పడినది. ఊరిలో అందరికి పని చాలక వారిలో అనేకులు ఇటలీ నగరములకు పోయి స్థిరపడిరి. కావున క్లోట్స్ ఇటలీలో నేర్చిన విద్యలో ఇటలీ ఎంతయున్నదో, కొండలకు ఈవలి జర్మనుసీమయు అంతయున్నది. ఒకప్పుడు సరకులు నడచిన దారినే విద్యయు నడచెను. సంత తరలిపోయినను ఆ దారి ఈ ఊరికి చివరి కానుకగా ఒక పనివానిని పంపెనని చెప్పవచ్చును.

స్టైనర్ వద్ద క్లోట్స్ చదువుకొన్నట్లు ఆధారము లేకున్నను, స్టైనర్ ప్రభావము మాత్రము నిజము. 1683లో మరణించిన ఆ టిరోల్ శిల్పి చేసిన వాయులీనములను ఆ కాలమున ఐరోపా అంతయు మెచ్చెను. ఆ రోజులలో క్రెమోనా వాద్యములకంటె స్టైనర్ వాద్యములకే వెల ఎక్కువ. వాని పలకలు ఎత్తుగా ఉబ్బియుండును. స్వరము మృదువుగా, వేణువువలె తీయగా ఉండును. రాజుల మందిరములలో, మఠములలో, కొద్దిమంది శ్రోతల నడుమ వాయించుటకు అది చక్కగా అమరును. మిట్టెన్‌వాల్డ్ శిల్పులు ఈ మాదిరినే తమదిగా చేసికొనిరి.

ఇంత చిన్న ఊరిలో ఈ శిల్పము నాటుకొనుటకు కొండయడవియే మూలము. వాయులీనపు పైపలకకు స్ప్రూస్ అను సూదియాకుల చెట్టు కొయ్య కావలెను. అడుగుపలకకు, ప్రక్కలకు, మెడకు మేపుల్ చెట్టు కొయ్య కావలెను. ఎత్తైన కొండలపై చలి అధికము, ఎండ స్వల్పము. చెట్టు ఏటికేడు కొద్దికొద్దిగా మాత్రమే లావెక్కును. అందువలన దాని వలయములు దగ్గరదగ్గరగా, సమముగా ఉండును. అట్టి కొయ్య తేలికయైనను బిగువు కలది. కంపనమును త్వరగా గ్రహించి దూరముగా పంపగలది. పల్లమున వేగముగా ఎదిగిన చెట్టు కొయ్యకు ఈ గుణము తక్కువ. స్టైనర్ అడవిలో చెట్లను సుత్తితో కొట్టి వాని పలుకు విని ఎన్నుకొనెడివాడని ఒక కథ కలదు. కథ ఎట్లున్నను, కొయ్యకు పలుకు కలదనుట నిజము.

చెట్టును రసము దిగియుండు చలికాలమున నరకుదురు. దుంగను పొడవున చీల్చి, ముక్కలను గాలి తగులు చోట పేర్చి సంవత్సరములతరబడి ఆరనిత్తురు. తండ్రి నరకిన కొయ్యతో కొడుకు వాద్యము చేయుట ఈ వృత్తిలో వింత కాదు. ఆరిన ముక్కలను జతచేసి, ఉలితో తొలిచి, బొటనవ్రేలంత చిన్న చిత్రికలతో నునుపుచేసి, పలకను కొన్ని మిల్లిమీటర్ల మందమునకు తెత్తురు. నడుమ కొంచెము మందము, అంచులకు పోవుకొలది పలుచన. ఎంత తీయవలెనో కొలతబద్ద కొంతవరకే చెప్పును. పలకను రెండువ్రేళ్ళ నడుమ వ్రేలాడదీసి తట్టి, దాని ధ్వనిని విని తక్కినది చేయి నిర్ణయించును. ఒక గీకు ఎక్కువైనచో తిరిగి అతికించుటకు వీలులేదు.

ప్రక్కల పట్టీలను వేడి ఇనుముపై వంచి, రెండు పలకలను వానికి అతికింతురు. అతుకుటకు వాడునది జంతువుల చర్మమునుండి కాచిన సరేసు. అది గట్టిగా పట్టును; కాని వేడియు తడియు తగిలించినచో విడిపోవును. ఇది లోపము కాదు, ఉద్దేశించి ఉంచిన గుణము. నూరేండ్ల తరువాత మరియొక శిల్పి ఆ పెట్టెను తెరచి బాగుచేయుటకు తోవ ఉంచవలెనుగదా! పైపలకలో రెండు సన్నని రంధ్రములు తీయుదురు. తంతులను మోయు చిన్న కొయ్యవంతెన క్రింద, పెట్టెలోపల, పైపలకకును అడుగుపలకకును నడుమ ఒక చిన్న కొయ్యపుల్లను నిలువుగా నిలుపుదురు. దానిని అతికింపరు, బిగువుచేతనే అది నిలుచును. తంతుల కంపనమును అడుగుపలకకు చేర్చునది అదియే. అది ఒక వెండ్రుకవాసి జరిగినను స్వరము మారిపోవును. ఇటలీవారును ఫ్రెంచివారును తమ భాషలలో ఆ పుల్లను ఆత్మ అను పేరుతో పిలుతురు.

ఇట్లు సుమారు 70 ముక్కలు ఒకటియై ఒక వాయులీనమగును. క్లోట్స్ కాలమున ఈ ముక్కలన్నియు ఒకే మనిషి చేతినుండి, లేక ఒకే ఇంటి చేతులనుండి వచ్చుచుండెను. మథియాస్ దీర్ఘాయువు కలవాడు. 1743లో, 90 ఏండ్ల వయస్సున మరణించెను. క్రెమోనాలో 1737 వరకు జీవించిన స్త్రదివారి ఇతనికి సమకాలికుడే. మథియాస్ కుమారులు ఈ వృత్తినే చేపట్టిరి. వారిలో సెబాస్టియన్, అతని కుమారుడు ఎగిడియస్ తండ్రితాతలను మించినవారని పేరుపొందిరి. ఇరుగుపొరుగులు వారివద్ద నేర్చిరి. 18వ శతాబ్దము నడిచినకొలది ఇంటింట ఉలిచప్పుడు వినబడసాగెను. వేసవిలో పొలము, పశువులు. చలికాలమున కిటికీప్రక్క కొయ్యబల్ల. చేసిన వాద్యములను వీపున మోసికొని పోయి, మఠములలో, ప్రభువుల కోటలలో, ఊరిసంతలలో అమ్ముకొనెడివారు.

ఆ వాద్యములు ఎంత దూరము పోయెనో, ఎట్టి చేతులలో పలికెనో ఒక ఉదాహరణము చాలును. ఆస్ట్రియాలోని సాల్జ్‌బుర్గ్ నగరమున మోట్సార్టు వాడిన కచేరీ వాయులీనము నేటికిని భద్రముగా ఉన్నది. అది మిట్టెన్‌వాల్డ్ క్లోట్స్ కుటుంబమున తయారైనది. ఆ మహావాగ్గేయకారుడు యువకుడుగా సాల్జ్‌బుర్గ్ సంస్థానమున కొలువుచేయు దినములలో దానిని వాయించెను. ఆ కుటుంబమువారిలో ఏ చేయి దానిని చేసినదో మాత్రము నిశ్చయముగా చెప్పుటకు లేదు. వాయించినవాని పేరు జగమెఱిగినది. చేసినవానికి ఇంటిపేరు మాత్రము మిగిలినది.

1786 సెప్టెంబరులో జర్మను మహాకవి గయిటే ఇటలీ యాత్రకు పోవుచు ఈ ఊరిలో ఒక రాత్రి బసచేసెను. అతడు చూచినది శిల్పము పచ్చగానున్న ఊరు. మరి ఇరువది సంవత్సరములు తిరుగకముందే ఊరి బ్రతుకు తలక్రిందులయ్యెను. అంతవరకు ఈ సీమ ఫ్రైజింగ్ బిషప్పుల యేలుబడిలో ఉండెను. 1802, 1803 సంవత్సరములలో బవేరియా ప్రభుత్వము ఆ సీమను తనలో కలుపుకొని, మఠములను మూసివేసి, వాని ఆస్తులను స్వాధీనము చేసికొనెను. మఠములలోని వాద్యబృందములు చెదరిపోయెను. మిట్టెన్‌వాల్డ్ శిల్పులకు తరతరముల ఖాతాదారులు ఒక్కమారుగా మాయమైరి.

అదేకాలమున అభిరుచియు మారెను. సంగీతము రాజమందిరమును వదలి, డబ్బిచ్చి టిక్కెట్టు కొనువారి పెద్ద సభాశాలలకు చేరెను. అచట చివరివరుసవరకు వినబడు బలమైన స్వరము కావలసివచ్చెను. స్టైనర్ మాదిరి తీయదనము అంతదూరము పోలేదు. పలకలు తక్కువ ఉబ్బుగల స్త్రదివారి మాదిరికి గిరాకి పెరిగెను. పాత వాయులీనముల మెడలను సైతము మార్చి, తంతులను మరింత బిగించి, కొత్త కాలమునకు తగినట్లు చేసికొనిరి.

ఇట్టి కష్టకాలమున ఊరిని నిలిపినవారు వర్తకులు. శిల్పమును చెఱచినవారును వారే. నోయినర్, హార్న్‌స్టైనర్ అను రెండు ఇంటిపేర్లతో నడచిన వ్యాపారసంస్థయు, బాడెర్ వారి సంస్థయు 19వ శతాబ్దమున ఊరి వాద్యవ్యాపారమును తమ చేతిలో పెట్టుకొనెను. ఇంగ్లండు, రష్యా, అమెరికా దేశములకు మిట్టెన్‌వాల్డ్ వాయులీనములు పెట్టెలుపెట్టెలుగా ఎగుమతి అయ్యెను. పనివానికి ఇక సంతలు తిరుగవలసిన అవసరము లేదు. ఆ మేలు కాదనరాదు. కాని వర్తకునికి కావలసినది తక్కువ వెలకు ఎక్కువ సరకు. అందుచే పనిని ముక్కలు చేసిరి. ఒక ఇంట మెడలు, ఒక ఇంట పలకలు, ఒక ఇంట నత్తగుల్లవలె చుట్టుకొన్న తలలు. జతచేయువారు ఒకరు, వార్నీషు పూయువారు మరొకరు. వారమునకు ఇన్ని ముక్కలని లెక్క. ముక్కకు ఇంతయని కూలి. తాను చెక్కిన మెడ ఏ వాయులీనమున చేరునో, అది ఎట్లు పలుకునో పనివానికి తెలియదు. జీవితమంతయు వాద్యభాగములు చేసి, ఒక్క వాద్యమైనను పూర్తిగా చేయనివారు ఊరిలో పెరిగిరి.

పేరునకును ఇదే గతి పట్టెను. వాయులీనపు రంధ్రముగుండ లోపలికి చూచినచో అడుగుపలకపై అతికించిన చిన్న కాగితపుచీటి కనబడును. పూర్వము శిల్పి దానిపై తన పేరు, ఊరు, సంవత్సరము వ్రాసికొనెడివాడు. అది అతని సంతకము. లోపమున్నచో వచ్చి అడుగుమను పూచీ. పని ముక్కలైన పిదప ఎవరి పేరు వ్రాయవలెను? వ్యాపారసంస్థ పేరు అతికించిరి. ఐరోపా వ్యాపారవాద్యములలో చాలవానికి స్టైనర్ పేరు, స్త్రదివారి పేరు ముద్రించిన చీటీలు అతికించుట వాడుకయయ్యెను. ఇందు మోసమెంత, మాదిరిని సూచించు వాడుక యెంత అను వాదము అట్లుండనిండు. నిజముగా చేసిన చేతులపేరు మాత్రము ఎచటను లేదు. మీర్‌కూర్, మార్క్‌నోయికిర్షెన్ ఊళ్ళును ఈ చవుకవెలల పోటీలోనే దిగియుండుటచే ఏ ఊరును వెనుకకు తగ్గుటకు వీలులేకపోయెను.

ఈ స్థితి శిల్పమునకు ముప్పు అని గ్రహించినవారు ఆ కాలముననే లేకపోలేదు. 1858లో బవేరియా రాజు రెండవ మాక్సిమిలియన్ మిట్టెన్‌వాల్డున వాయులీననిర్మాణమునకు ఒక పాఠశాలను నెలకొల్పెను. పోగొట్టుకొనుచున్న విద్యను అదే ఊరివారికి తిరిగి నేర్పవలసివచ్చినదనుట ఆలోచింపదగిన విషయము. తండ్రివద్ద కొడుకు నేర్చుకొను వృత్తికి బడి యేలయని అడుగవచ్చును. తండ్రికే మెడ చెక్కుట తప్ప వేరు తెలియని నాడు కొడుకు పూర్తివిద్యను ఎవరివద్ద నేర్వగలడు? ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠశాల.

ఆ పాఠశాల నేటికిని నడచుచున్నది. ప్రభుత్వమే దానిని పోషించుచున్నది. ప్రపంచపు నలుమూలలనుండి విద్యార్థులు వచ్చి ప్రవేశము కోరుదురు. తీసికొనువారు కొద్దిమందినే. చదువు మూడున్నర సంవత్సరములు. అచట ప్రధానసూత్రము ఒక్కటి: విద్యార్థి దుంగముక్క మొదలు తంతి బిగించువరకు వాద్యమంతయు తానే చేయవలెను. రేఖాచిత్రము గీయుట, కొయ్య గుర్తించుట, వార్నీషు కలుపుట, నాదశాస్త్రము, పాతవాద్యములను బాగుచేయుట, వాద్యమును వాయించుట, ఇవియన్నియు చదువులో భాగములే. వాయింపలేనివాడు తాను చేసినదానిని ఎట్లు పరీక్షించును? కాలక్రమమున మీటు తంత్రీవాద్యముల నిర్మాణమునుకూడ చేర్చిరి. వ్యాపారముచే ముక్కలైన పనిని ఈ పాఠశాల మరల ఒక మనిషి చేతిలో పెట్టినది.

1912లో ఇన్‌స్‌బ్రుక్ నగరమునుండి కొండలను దాటి ఈ ఊరికి రైలుమార్గము పడెను. పాత సంతదారి మరల తెరచుకొన్నట్లయ్యెను. ఈమారు వచ్చినవారు వర్తకులు కారు, యాత్రికులు. 1930లో వాయులీననిర్మాణ ప్రదర్శనశాల ఏర్పడెను. అది ఇప్పుడు ఆ మూటల ఇంటి వీధిలోనే ఒక పాత ఇంటిలో ఉన్నది. క్లోట్స్ కుటుంబపు వాద్యములు, వెనుకటి పనిముట్లు, సగము చేసిన పలకలు అచట చూడవచ్చును. 1989 మొదలు ఊరిలో అంతర్జాతీయపు వాయులీననిర్మాణపు పోటీలు జరుగుచున్నవి. చిన్న కర్మశాలలలో కిటికీప్రక్క కూర్చుండి పనిచేయు శిల్పులు నేడును కలరు. వారి సంఖ్య స్వల్పము. కాని ప్రతివాద్యముపై పేరు కలదు.

ఈ ఊరి కొయ్యపని వాయులీనములతో ముగియదు. చలికాలము చివర, ఉపవాసదినములు మొదలగుటకు ముందు, ఊరివారు చెక్కముసుగులు ధరించి, నడుమునకు పెద్ద పశువులగంటలు కట్టుకొని, వరుసగా ఎగురుచు వీధులవెంట పోవుదురు. ఆ గంటల మ్రోతకు చలికాలము జడిసి పారిపోవునని పూర్వుల నమ్మకము. ఆ ముసుగులు పండుగ ముగిసినపిదప ఇంట భద్రపరచి, తాతనుండి మనుమనికి అందించు సొత్తు. రాజసభకు వాయులీనము చెక్కిన ఉలియే ఊరిపండుగకు ముసుగును చెక్కినది. కొయ్యతో ఊరికి గల చుట్టరికము ఎంత లోతైనదో దీనివలన తెలియును.

ఈ పాశ్చాత్యశిల్పముతో మనకు గల సంబంధము రెండువందల సంవత్సరములనాటిది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దపు తొలినాళ్ళలో మద్రాసున ఒక ఐరోపావానివద్ద ఈ వాద్యమును నేర్చి, మన రాగములను అందు పలికించెను. 1834లో తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ తన ఆస్థానవిద్వాంసుడైన వడివేలునకు దంతపు వాయులీనమును బహూకరించెను. పిదప విజయనగరపు సంగీతకళాశాలలో ఆచార్యుడై, అనంతరము అధ్యక్షుడైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఏకవాద్యముగా సభను ఏలగల స్థానమును దీనికి ఆంధ్రదేశమున సంపాదించిరి. మనవారు వాద్యపు ఆకారమును మార్చలేదు. పట్టును మార్చిరి, శ్రుతిని మార్చిరి. నిలుచుండి గడ్డముక్రింద పట్టు వాద్యమును, నేలపై కూర్చుండి తలభాగమును కాలిమడమపై ఆనించి వాయింపసాగిరి. వ్రేలు తంతిపై స్వేచ్ఛగా జారుటకును, గమకము పలుకుటకును దానివలన వీలుకలిగెను. మెట్లు లేని ఆ నున్నని మెడ మన గమకముకొఱకే పుట్టినట్లు ఉన్నది.

వాయించు విద్యను మనము ఇట్లు పూర్తిగా సొంతము చేసికొంటిమి. చేయు విద్యపై మన దృష్టి అంతగా పోలేదు. వాద్యమును కొనునపుడు వెలను అడుగుదుము, వార్నీషు మెరుపును చూతుము. చేసినవాడెవరని అడుగుట తక్కువ. మిట్టెన్‌వాల్డ్ చరిత్ర చెప్పునది ఈ విషయమునే. కొండ, అడవి, దారి, ఒక మనిషి నేర్చుకొని వచ్చిన విద్య కలిసి ఆ ఊరికి శిల్పమును ఇచ్చెను. గిరాకి తగ్గినపుడు శిల్పము బక్కచిక్కెను, కాని చావలేదు. పనిని ముక్కలుచేసి, పేరును తుడిచివేసినపుడే అది చావునకు దగ్గరయ్యెను. మొదలునుండి తుదవరకు ఒక చేయి చేయుట, చేసినదానిపై తన పేరు నిలుపుట, ఈ రెండును తిరిగివచ్చిన పిదప కొద్దిమందితోనైనను బ్రతికినది. వీణలైనను, మృదంగములైనను, నాదస్వరములైనను చేయువారు మన ఊళ్ళలోను కలరు. వారి వాద్యమును కొనునపుడు చేసినవాని పేరును అడిగి తెలిసికొనుట, ఆ పేరును నలుగురికి చెప్పుట, వెల ఇచ్చుటతోపాటు మనము ఇయ్యగల మర్యాద.